పాలపుంతను ఫొటో తీయాలంటే

ముందు అమావాస్యకు అటూ ఇటుగా ఒక రాత్రి చూసుకుని, లైట్లకు దూరంగా వెళ్లండి. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో) 3200, ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో) ఎఫ్/2.8, షట్టర్ (ఎంతసేపు తెరిచి ఉండాలో) 20 సెకన్లు పెట్టండి. షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో అంచనా వేయడానికి 500ని లెన్స్ ఎంఎంతో భాగిస్తారు, ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సర్ ఉన్న) కెమెరాకి 24 ఎంఎం లెన్స్ ఉంటే 500ని 24తో భాగించినా దాదాపు అంతే వస్తుంది, అది దాటితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతల్లా సాగిపోతాయి.

ఫోకస్ మాత్రం ఆటోకి వదలొద్దు. స్క్రీన్ మీద బాగా మెరిసే ఒక చుక్కను జూమ్ చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగ్‌ను మెల్లగా తిప్పండి, నన్నడిగితే సగం ఫొటోలు పాడయ్యేది ఇక్కడే.

ఫ్రేములో మన పాలపుంత లాంటిదే అయిన ఆండ్రోమెడా గెలాక్సీ మసక మరకలా పడిందా? పక్కనున్నవాళ్లకి వెంటనే చూపించండి, ఆ వెలుగు బయల్దేరి సుమారు 25 లక్షల ఏళ్లయిందని చెప్పండి. ఇద్దరూ కెమెరా సంగతి మర్చిపోయి పైకే చూస్తుండిపోతారు.