మారుతున్న వాతావరణానికి తగిన శీతాకాలపు గోధుమ వంగడాన్ని రూపొందించే విధానం

మన దేశంలో రబీలో వేసే గోధుమ వెన్ను తీయడానికి గడ్డకట్టే చలి అవసరం లేదు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పండే శీతాకాలపు గోధుమ అలా కాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తితే, చలి తగినంత సోకిన తరువాతనే వెన్ను తీసి, జూన్‌లో కోతకు వస్తుంది. 1874లో రష్యా సామ్రాజ్యం నుండి వలస వెళ్లిన మెనోనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతుల 'టర్కీ రెడ్' రకంతో అక్కడ ఈ సాగు వేళ్లూనుకుంది.

వాతావరణం మారుతున్నదనగానే వేడిని తట్టుకునే రకం కోసం వెతకడం సహజమే గాని, అంతకన్నా ముందు చూడవలసినది పూత తేదీ అని నా దృఢాభిప్రాయం. చలికాలం చివర వెచ్చబడితే పైరు తొందరపడి కణుపు సాగుతుంది. అంతవరకు నేలమట్టాన దాగి ఉన్న పెరుగుదల మొన పైకి లేచి, ఆలస్యంగా వచ్చిన గడ్డు చలికి చచ్చిపోతుంది. 2007 ఏప్రిల్‌లో కాన్సాస్ పైరు ఇలాగే దెబ్బతిన్నది. పూత మరీ ఆలస్యమైతే వేడిగాలులకు గింజ పాలు పోసుకునే దశలోనే ఎండి తాలవుతుంది. అందుచేత, పగటి నిడివి పెరిగేదాకా కణుపు సాగని స్థానిక రకాన్ని ఒక జనకంగాను, తక్కువ రోజుల్లో గింజ నింపుకునే రకాన్ని రెండవ జనకంగాను ఎంచుకొని, ఆ రెంటినీ సంకరపరచాలి.

మొలకలను సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద 6 నుండి 8 వారాలు ఉంచి, రెండు రకాల పూత కలిసేలా విడతలుగా నాటుకోవాలి. తల్లి మొక్క వెన్ను పొట్ట నుండి బయటపడగానే, పుప్పొడి తిత్తులు ఇంకా ఆకుపచ్చగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి. పొట్టు కొనలను కత్తిరించి, ఒక్కొక్క పువ్వులోని మూడు తిత్తులనూ సన్నని పట్టకారుతో చిట్లకుండా తీయాలి. ఒక్కటి మిగిలినా గోధుమ తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది, శ్రమంతా వృథా అవుతుంది. వెన్నుకు కాగితపు సంచి తొడిగి, జనకాల పేర్లు, తేదీ రాయాలి. రెండు మూడు రోజులకు కీలాగ్రం ఈకలా విచ్చుకున్నప్పుడు, తండ్రి మొక్క నుండి పసుపు రంగు తిరిగిన తిత్తులను తెచ్చి అద్దాలి.

మొదటి తరం మొక్కలు దాదాపు ఒకేలా ఉంటాయి. రెండవ తరంలో గుణాలు విడిపోతాయి గనుక వేల మొక్కలు పెంచి ఎంపిక చేయాలి. ఆ గుణాలు స్థిరపడడానికి ఇంకా కొన్ని తరాలు పడుతుంది. తొందర ఉన్నవారు మొదటి తరం పూలకు మొక్కజొన్న పుప్పొడి అద్దుతారు. మొక్కజొన్న క్రోమోజోములు పిండం నుండి జారిపోగా మిగిలిన గోధుమ క్రోమోజోముల ఏక సమితిని (మామూలు సంఖ్యలో సగం) కాల్చిసిన్ అనే రసాయనంతో రెట్టింపు చేస్తే, ఒక్క తరంలోనే స్థిరమైన వంశం చేతికొస్తుంది.

ఆ వంశాలను పొడిగా ఉండే పడమటి కాన్సాస్‌లోను, వానలు ఎక్కువగా కురిసే తూర్పు ప్రాంతంలోను కొన్నేళ్లపాటు పరీక్షించాలి. ఒక మంచి ఏడాది దిగుబడి చూసి దేన్నీ ఎంచుకోవద్దు, తెగులు సోకని వంశమని తేల్చవద్దు. వసంతంలో గడ్డు చలి వచ్చిపోయిన వారం పది రోజులకు ప్రతి వరుస నుండి కొన్ని కాండాలను నిలువునా చీల్చి, పెరుగుదల మొన తెల్లగా బిగువుగా ఉన్నదో, గోధుమ రంగుకు తిరిగి మెత్తబడినదో చూసి, ఆ వరుస సంఖ్య పక్కనే రాసిపెట్టుకోవాలి.