రాడార్ చిత్రంలో వరద నీటిని గుర్తుపట్టడం ఎలా

వరద వచ్చిన రోజున చాలామటుకు ఆకాశంలో మబ్బు ఉంటుంది. మామూలు ఉపగ్రహ చిత్రం తెరిస్తే ఆ మబ్బే కనపడుతుంది, కింద ఊరు మునిగిందో లేదో తెలియదు. వరద పటాలు గీసే పనిలో నేను ముందు రాడార్ చిత్రం తెరిచేది అందుకే. దానికి మబ్బూ అడ్డం కాదు, చీకటీ అడ్డం కాదు. డేటా ఉచితం, సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓ మోస్తరు కంప్యూటర్ చాలు. రాడార్ ఇమేజింగ్ నేర్చుకోవాలనుకునే వాళ్ళకు సిద్ధాంతం కంటే ముందు ఈ ఒక్క పని చేసి చూడమని చెబుతాను. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

ముందు ఒక విషయం మనసులో నాటుకోవాలి. రాడార్ చిత్రంలో తెలుపు, నలుపు అనేవి రంగులు కావు. ఉపగ్రహం పక్కకు ఏటవాలుగా మైక్రోవేవ్ తరంగాలు పంపి, వాటిలో ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తుంది. చీకట్లో అద్దం మీద ఏటవాలుగా టార్చి వేస్తే వెలుగు అవతలి గోడ మీద పడుతుంది, మనకు మాత్రం అద్దం నల్లగానే కనిపిస్తుంది. నిశ్చలంగా ఉన్న నీరూ అంతే. తరంగాన్ని అవతలికి తోసేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా పడుతుంది. దుక్కి నేల, పైరు, చెట్లు తరంగాన్ని అన్ని వైపులకీ చెదరగొడతాయి కాబట్టి బూడిద రంగులో ఉంటాయి. ఇళ్ళ దగ్గర తరంగం నేలకు తగిలి, గోడకు తగిలి తిన్నగా వెనక్కి వస్తుంది. అందుకే ఊళ్ళు తెల్లగా మెరుస్తాయి.

మనం వాడబోయే ఐరోపా రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తిరిగేది దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తున. దాని యాంటెన్నా పొడవు 12 మీటర్ల పైచిలుకు, తరంగదైర్ఘ్యం సుమారు 5.5 సెంటీమీటర్లు. ఆ యాంటెన్నానే నమ్ముకుంటే ప్రయాణించే దిశలో మూడు నాలుగు కిలోమీటర్ల లోపు వివరం ఏదీ విడివిడిగా తెలియదు. కానీ ఉపగ్రహం కదులుతూ ఒకే చోటును చాలాసార్లు వింటుంది. ఆ ప్రతిధ్వనుల్లోని డాప్లర్ మార్పును, అంటే కదలిక వల్ల తరంగం పౌనఃపున్యంలో వచ్చే తేడాను లెక్కగట్టి అన్నింటినీ కలిపితే, చాలా పొడవాటి యాంటెన్నా ఉన్నట్టే పని జరుగుతుంది. కార్ల్ వైలీ 1951లో చెప్పిన ఈ ఆలోచనే సింథటిక్ అపర్చర్ రాడార్‌కు, అంటే సార్‌కు పునాది.

ఇక పని మొదలుపెడదాం. ఐరోపా ఉపగ్రహాల డేటా ఉచితంగా ఇచ్చే వెబ్‌సైట్ కోపర్నికస్ డేటా స్పేస్‌లో ఖాతా తెరిచి సెంటినెల్-1 చిత్రాలు వెతకండి. ఐడబ్ల్యూ మోడ్ (నేల మీద మామూలుగా వాడే వెడల్పాటి చిత్రణ), జీఆర్‌డీ రకం (ప్రతిధ్వని బలం మాత్రమే ఉండే చిత్రం) ఎంచుకోండి. ఒక్కో చిత్రం 250 కిలోమీటర్ల వెడల్పు నేలను చూపిస్తుంది. మనకు రెండు చిత్రాలు కావాలి: వరద ముందుది ఒకటి, వరదలో తీసింది ఒకటి. రెండింటి రిలేటివ్ ఆర్బిట్ నంబరు, అంటే ఉపగ్రహం వెళ్ళిన దారి నంబరు, ఒకటే అయి ఉండాలి, ఈ షరతును మాత్రం సడలించకండి. ఐడబ్ల్యూ మోడ్‌లో తరంగం నేలను తాకే కోణం సుమారు 29 నుంచి 46 డిగ్రీల దాకా మారుతుంది. కోణం మారితే అదే పొలం వేరే తెలుపులో కనపడుతుంది. వేరువేరు ఆర్బిట్ల చిత్రాలు పోల్చారంటే, కోణం తేడాను వరద అనుకుంటారు. ముందు చిత్రం కూడా నెలల కిందటిది కాకుండా వరదకు దగ్గరగా ఉన్నది తీసుకోండి. నీళ్ళు కట్టిన వరి పొలం కూడా నల్లగానే ఉంటుంది. ఎండాకాలపు చిత్రంతో పోలిస్తే ఆ పొలాలన్నీ వరద లెక్కలో పడిపోతాయి.

తర్వాత ఐరోపా అంతరిక్ష సంస్థ ఇచ్చే స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో చిత్రాన్ని తెరవండి. తలకిందులుగానో అద్దంలో చూసినట్టుగానో కనిపిస్తే కంగారు పడకండి, ఇంకా పటం మీదకు ఎక్కలేదంతే. రాడార్ మెనూలో ముందుగా అప్లై ఆర్బిట్ ఫైల్ నడపండి, ఉపగ్రహం ఆ క్షణాన ఎక్కడుందో సరిచేసేది ఇదే. తాజా చిత్రాలకు కచ్చితమైన ఆర్బిట్ ఫైలు రావడానికి మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఫైలు దొరక్కపోయినా పని ఆగకుండా ఉండే గడికి టిక్కు పెట్టండి, వరద పటానికి ఆ తేడా పెద్దది కాదు. ఆ తర్వాత థర్మల్ నాయిస్ (పరికరం సొంత రొద) తీసేసి, మనకు కావలసిన ప్రాంతం వరకు కత్తిరించుకోండి. లేకపోతే తర్వాతి ప్రతి మెట్టూ నత్తనడక నడుస్తుంది. పిమ్మట కాలిబ్రేషన్, అంటే ముడి అంకెల్ని ప్రతిధ్వని బలం కొలతలుగా మార్చడం. అది చేశాకే పిక్సెల్ విలువలు రెండు తేదీల మధ్య పోల్చడానికి పనికొస్తాయి.

సార్ చిత్రంలో ఉప్పు, మిరియాలు చల్లినట్టుండే చుక్కల్ని స్పెకల్ అంటారు. ఒకే పిక్సెల్‌లోని ఎన్నో చిన్న వస్తువుల ప్రతిధ్వనులు ఒకదాన్నొకటి పెంచుకుంటూ, తుంచుకుంటూ ఉండటం వల్ల ఇది పుడుతుంది. రిఫైన్డ్ లీ ఫిల్టర్ నాకు ఇష్టం, నీటి అంచును చెరపకుండా లోపలి చుక్కల్ని తగ్గిస్తుంది. ఫిల్టర్ వేశాకే విలువల్ని డెసిబెల్ అనే లాగరిథమ్ కొలతలోకి మార్చాలి, ముందే మారిస్తే సగటు తప్పుతుంది. ఫిల్టర్ తర్వాత రేంజ్ డాప్లర్ టెరెయిన్ కరెక్షన్ నడిపితే చిత్రం సరైన చోట, సరైన దిక్కుకు కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. ముందు చిత్రం వీవీ బ్యాండ్‌ను (నిలువుగా కంపించే తరంగాన్ని పంపి నిలువుగానే అందుకున్నది) ఎరుపులో, తర్వాతి చిత్రాన్ని ఆకుపచ్చలో, నీలంలో పెట్టి ఒకే రంగు చిత్రం చేయండి. ఎప్పుడూ ఉండే నది, చెరువు నల్లగా ఉండిపోతాయి. మారని నేల బూడిద రంగులో ఉంటుంది. కొత్తగా మునిగిన చోటు ముందు ప్రకాశంగా ఉండి ఇప్పుడు నల్లబడింది కాబట్టి ఎర్రగా తేలుతుంది. నల్లటి నది పక్కన ఎర్రటి పట్టీ, అది ఏ వాగు వెంట ఎంత దూరం లోపలికి పోయిందో చూస్తుంటే నీటి నడక కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. లెక్కలకు దిగే ముందు ఈ చిత్రాన్ని తీరిగ్గా చూడండి.

లెక్క కోసం వరద చిత్రం హిస్టోగ్రామ్, అంటే ఏ విలువకు ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే గ్రాఫు, తెరవండి. నీరు, నేల సరిపడా ఉన్న చోట రెండు గుట్టలు కనిపిస్తాయి. వాటి మధ్య లోయే మన హద్దు. వీవీలో అది తరచూ -15, -20 డెసిబెల్‌ల మధ్య పడుతుంది. వేరే వరదకు వాడిన అంకెను తెచ్చి దీనికి పెట్టకండి. ప్రతి చిత్రానికీ హద్దు దాని హిస్టోగ్రామ్ నుంచే రావాలి. స్నాప్‌లో సూత్రాలు రాసే బ్యాండ్ మ్యాథ్స్‌లో హద్దు కంటే తక్కువైతే 1, లేకుంటే 0 అని రాసి, ముందు చిత్రంలోని నీటిని తీసేస్తే మిగిలేది వరద.

ఆ మిగిలినదంతా వరద కాదు, ఇక్కడ ఓపిక పట్టాలి. విమానాశ్రయం రన్‌వే, పొడి ఇసుక కూడా నీటిలాగే నల్లగా ఉంటాయి. రెండు తేదీల్లోనూ నల్లగానే ఉంటాయి కాబట్టి పోలికలో చాలామటుకు రాలిపోతాయి. కొండ వెనుక రాడార్ నీడ పడుతుంది, ఎత్తుల నమూనా చూసి ఏటవాలు నేలను తొలగించండి. గాలి వీస్తే నీటి మీద అలలు లేచి వీవీలో నీరు తెల్లబడుతుంది. అప్పుడు వీహెచ్ బ్యాండ్ (నిలువుగా పంపి అడ్డంగా అందుకున్నది) చూడండి, దాని మీద గాలి ప్రభావం తక్కువ. చెట్ల కింద, ఇళ్ళ మధ్య నిలిచిన నీరు మరీ మోసం చేస్తుంది. నీటికి, కాండానికి, గోడకు తగిలి తరంగం తిరిగొస్తుంది కాబట్టి మునిగిన చోటే ఇంకా ప్రకాశించవచ్చు. మన పటం చూసి పడవలు పంపే వాళ్ళుంటారు. అందుకే పటం మీద చిత్రం తీసిన తేదీ, గంట రాయండి. ఊళ్ళ లోపలి నీరు ఇందులో తక్కువగా కనపడుతుందని కూడా రాయండి.

ఇదే చూపుతో సముద్రాన్నీ చదవొచ్చు. తేలే నూనె చిన్న అలల్ని అణచేస్తుంది కాబట్టి ఒలికిన చోటు నల్లటి మరకగా, ఓడ తెల్లటి చుక్కగా కనపడతాయి. పొడవైన తరంగం ఆకుల్ని దాటి ఇంకా లోపలికి పోతుంది. 2025 జూలై 30న నాసా, ఇస్రో కలిసి పంపిన నైసార్‌లోని ఎల్-బ్యాండ్ తరంగదైర్ఘ్యం సుమారు 24 సెంటీమీటర్లు. అడవుల కింది నీటిని చూడటంలో సెంటినెల్-1 కంటే అలాంటి తరంగానికే బలం ఎక్కువ.

భూమి కదలికను కొలిచే ఇన్‌సార్‌కు మాత్రం జీఆర్‌డీ పనికిరాదు, ఫేజ్ సమాచారం (తిరిగొచ్చిన తరంగం తన అలలో ఏ దశలో ఉందో చెప్పేది) ఉండే ఎస్‌ఎల్‌సీ చిత్రాలు కావాలి. 1992లో కాలిఫోర్నియాలోని లాండర్స్ భూకంపంతో ఈ పద్ధతి సత్తా లోకానికి తెలిసింది. రెండు తేదీల ఫేజ్ తేడాను రంగుల్లో వేస్తే వలయాలు కనపడతాయి. సెంటినెల్-1లో ఒక్కో రంగుల వలయం అంటే ఉపగ్రహం చూసే దిశలో సుమారు 2.8 సెంటీమీటర్ల కదలిక. మొదటిసారి చేసేవాళ్ళు చెట్లు తక్కువగా ఉన్న పొడి నేలను, 12 రోజుల తేడా ఉన్న జంటను ఎంచుకోండి. పచ్చదనం ఎక్కువైన చోట రెండు చిత్రాల పొందిక చెదిరిపోయి వలయాలే ఏర్పడవు.