పాత ఓల్డ్ టౌన్ కెనూ చేతికొస్తే: నంబరు నుంచి కాన్వాస్ దాకా

అమెరికాలో ఎస్టేట్ సేల్‌లోనో, పాత గరాజ్‌లోనో కాన్వాస్ తొడిగిన చెక్క కెనూ కనబడితే, అది మెయిన్ రాష్ట్రంలోని ఓల్డ్ టౌన్ కంపెనీది కావచ్చు. శాండర్ (కర్రను రుద్ది నునుపు చేసే యంత్రం) చేతికి తీసుకునే ముందు దాని నంబరు వెతకండి. అది అరిగిపోయిందా, పడవ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

పడవ రెండు కొసల్లోనూ వంపు తిరిగిన కర్ర ఉంటుంది, దాన్ని స్టెమ్ అంటారు. లోపల అది అడుగుకు ఆనుకునే చోట అంకెలు గుద్ది ఉంటాయి. నంబరు పక్కనే విడిగా 17 అని ఉంటే పడవ పొడవు 17 అడుగులని అర్థం. వార్నిష్ కింద అంకెలు కనబడకపోతే కాస్త స్ట్రిప్పర్ (పాత పూత ఊడగొట్టే ద్రవం) పూసి మెత్తని ఇత్తడి బ్రష్‌తో తుడవండి, లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. రెండు కొసలూ చూడాలి, ఒక చోట చెరిగిన అంకె రెండో చోట దొరకొచ్చు.

ఓల్డ్ టౌన్ తయారీ రికార్డుల స్కాన్ ప్రతులు చెక్క కెనూల అభిమానుల సంఘమైన వుడెన్ కెనూ హెరిటేజ్ అసోసియేషన్ దగ్గర ఉన్నాయి. నంబరు ఇస్తే సభ్యులు వెతికిపెడతారు. ఆ పడవ తయారీ కార్డులో మోడల్, గ్రేడ్, అంచులకూ సీట్లకూ వాడిన కర్ర, అడుగున పొడవునా బిగించే కీల్ అనే కర్ర ఉందా లేదా, రంగు, ఏ రోజు ఏ ఊరికి పంపారు అన్నీ ఉంటాయి. అన్ని కంపెనీలకూ ఈ భాగ్యం లేదు. మారిస్ అనే మరో కెనూ కంపెనీ కార్ఖానా 1919లో కాలిపోయింది, దాని రికార్డులు మిగల్లేదు.

కార్డులోని ఊరు మొదటి మజిలీ మాత్రమే. చాలా పడవలు దుకాణాలకు వెళ్లాయి కాబట్టి, ఆ పేరును యజమాని పేరనుకోవద్దు. డెక్ (కొసల దగ్గర పైన ఉండే చిన్న చెక్క) మీద దుకాణం పేరున్న డీలర్ రేకు, రంగు పొరల కింద స్టెన్సిల్ అంకెలు ఉన్నాయేమో చూడండి. అలాంటి అంకెలు తరచూ వేసవి క్యాంపుల పడవల మీద ఉంటాయి. వ్యక్తి పేరు దొరికితే ఆ ఊరి సిటీ డైరెక్టరీలు, పాత పత్రికలు, 2022లో బయటికొచ్చిన 1950 జనగణన పత్రాలు వెతకండి. అమ్మినవాళ్లను ఆ రోజే అడిగి, చెప్పింది రాసుకోండి. నోటిమాటను, కాగితం మీది ఆధారాన్ని వేర్వేరుగా ఉంచాలి.

ఇక మరమ్మతు. పాత రంగులో, కాన్వాస్ నేత సందులు నింపే ఫిల్లర్ అనే పూతలో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దొద్దు, సన్నని ధూళిని ఆపే పీ100 మాస్క్ లేకుండా ముట్టొద్దు. బయటి అంచు కర్రలు, ముక్కు మీది ఇత్తడి పట్టీ తీశాక కాన్వాస్ ఊడదీయండి. మొదట కుళ్లేది కొసల్లోనే. పడవను బోర్లించి నేల మీద వదిలేస్తే స్టెమ్ చివర, డెక్, లోపలి అంచుల మొనలు చెమ్మ పీల్చుకుంటాయి. కుళ్లిన మేర కోసి, మందానికి కనీసం 8 రెట్ల పొడవున ఏటవాలు అతుకు వేసి ఎపాక్సీతో అంటించండి.

పడవ లోపల అడ్డంగా వంచి బిగించిన బద్దను రిబ్ అంటారు. విరిగిన రిబ్‌కు బదులు 5/16 అంగుళం మందం ఉన్న వైట్ సీడార్ బద్ద కావాలి. రాత్రంతా నానబెట్టి, సుమారు 20 నిమిషాలు ఆవిరి పట్టి, వెంటనే పడవ బయటి వైపు మీద వంచి బిగించండి. బయటి కొలత లోపలికంటే పెద్దది కాబట్టి, దాని అసలు చోట కాకుండా కొస వైపు ఒకటి రెండు రిబ్‌లు జరిగి వంచాలి. రిబ్‌ల బయటి వైపు కప్పే పలకలకు 11/16 అంగుళం ఇత్తడి మేకులు వాడండి. లోపల ఇనుప దిమ్మె ఆనించి బయటినుంచి కొడితే మొన వెనక్కి మడుచుకుని కర్రలో దిగుతుంది. ముందుగా వేడినీళ్లతో తడపకపోతే ఎండిన సీడార్ పగులుతుంది.

కార్డులో లేని కీల్ ఇప్పుడుంటే అది తర్వాత బిగించినదే. దాన్ని తీసేసి, కాన్వాస్ వేయకముందే రంధ్రాలకు కర్ర బిరడాలు కొట్టండి. పలకల బయటి వైపు మరిగించిన అవిసె నూనె పూయండి. ఆ నూనె గుడ్డలు కుప్పగా వదిలేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఉంచండి.

17 అడుగుల పడవకు 10వ నంబరు (గుడ్డ బరువును బట్టి ఇచ్చే నంబరు) కాన్వాస్, 60 అంగుళాల వెడల్పుది, 20 అడుగులు కావాలి. నిలువుగా మడిచి, కొసలు రెండూ బిగించి, చేతి వించ్‌తో లాగి, మధ్యలో పడవను దించండి. మేకులు నడిమి రిబ్ దగ్గర మొదలుపెట్టి ఇటొకటి అటొకటిగా కొసలకు వెళ్లాలి. కొసల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడుమ చిక్కుకుంటాయి.

ఫిల్లర్ సుమారు ఒక గాలన్ పడుతుంది. బ్రష్‌తో పూసి, మెరుపు తగ్గే వేళకు కాన్వాస్ ముక్కతో గుండ్రంగా రుద్దుతూ నేత సందులు నింపండి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. కనీసం 4 వారాలు ఆరాలి, గోరుతో నొక్కితే గుంట పడకూడదు. పచ్చిగా ఉండగా రంగు వేస్తే పై పొర బిగుసుకుని కింద పొర కదులుతుంది, ఒక సీజన్‌లోనే పగుళ్లొస్తాయి. ఆరాక కార్డులో రాసిన రంగులోనే ఆల్కైడ్ మెరైన్ ఎనామెల్ (పడవలకు వేసే రంగు) 3 లేక 4 పూతలు వేయండి, పూతకూ పూతకూ మధ్య తడి శాండ్‌పేపర్‌తో రుద్దాలి. ఇత్తడి పట్టీ స్క్రూలకు బెడ్డింగ్ కాంపౌండ్ (నీరు చొరకుండా సందులు మూసే ముద్ద) పెట్టి బిగించండి, నీరు కారే సందులు ఎక్కువగా అవే.