దిగుమతి కారుకు ఇంట్లోనే స్మార్ట్ కీ – మూడో పాఠం: హాజరు పట్టీలో కొత్త పేరు

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. పాత కీని విప్పి, లోపలి బోర్డు మీద అచ్చయిన సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకోమన్నాను. మనం ఉదాహరణగా తీసుకున్న టయోటా కీలలో అది ఆరు అంకెలు, ఒక అడ్డగీత, మళ్లీ నాలుగు అంకెలుగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ కాగితాన్నీ కొత్త కీ బోర్డునూ పక్కపక్కన పెట్టి ఒక్కో అంకెనూ పోల్చండి. ఒక్క అంకె తేడా వచ్చినా ఈ రోజు కారు జోలికి వెళ్లవద్దు. పాఠం చదివి ఊరుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి తెప్పించిన కీ చూడడానికి పాతదానికి కవల. అదే గుల్ల, అవే మూడు బటన్లు. కారులో నమోదు కూడా సాఫీగా జరిగింది. స్టార్ట్ బటన్ దగ్గర పెడితే కారు మేలుకుంది. తలుపులు మాత్రం ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోలేదు. ఒక పూట మొత్తం ఫ్యూజులూ, తలుపు తాళాల మోటార్లూ వెతికాను. తప్పు కారులో లేదు. ఆ కీ 433.92 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది. జపాన్ దేశీయ మార్కెట్ కోసం తయారైన నా కారు 312 నుంచి 315 మెగాహెర్ట్జ్ పరిధిలోనే వింటుంది. మరి నమోదు ఎలా అయింది? కీని స్టార్ట్ బటన్‌కు తాకించినప్పుడు జరిగే సంభాషణ వేరే దారిలో నడుస్తుంది. బటన్ చుట్టూ ఉన్న సన్నని తీగచుట్ట కిలోహెర్ట్జ్ స్థాయిలో, అంటే 125 లేదా 134.2 దగ్గర, కీలోని చిప్పుతో మాట్లాడుతుంది. ఆ భాగం రెండు కీలలోనూ ఒకటే. ఒకే కీలో రెండు గొంతులు ఉంటాయి. అప్పుడు నాకు ఒకటి కలిసింది, రెండోది కలవలేదు. ఈ రెండు గొంతుల సంగతి గుర్తుంచుకోండి, చివర పరీక్షల్లో మళ్లీ దానితో పని పడుతుంది.

వాడేసిన కీని తక్కువకు తెచ్చుకున్నవారికి ఒక్క మాట. చాలా రకాల స్మార్ట్ కీలు ఒకసారి ఒక కారుకు చేరితే దానికే ముడిపడిపోతాయి. ఆ ముడి విప్పని కీని మరో కారు ఒప్పుకోదు.

ఇక అసలు విషయం. దీన్ని అందరూ ‘కీ ప్రోగ్రామింగ్’ అంటారు గానీ, మనం ప్రధానంగా మార్చేది కారు జ్ఞాపకాన్ని. కారు దగ్గర ఒక హాజరు పట్టీ ఉందనుకోండి. కీ దగ్గరికి రాగానే కారు అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్యను పంపుతుంది. కీ తనలోని రహస్యంతో దాన్ని లెక్కగట్టి జవాబు ఇస్తుంది. జవాబు సరిపోవాలి, పేరు పట్టీలో ఉండాలి. రెండూ కుదిరితేనే ఇమ్మొబిలైజర్, అంటే సరైన కీ లేనిదే కారును కదలనివ్వని కాపలా ఏర్పాటు, దారి వదులుతుంది. ఈ రోజు మనం ఆ పట్టీ తెరిచి ఒక పేరు రాసి మూసేస్తాం. తెరిచే ముందు పేర్ల లెక్క చూసుకోవాలి, మూశాక మళ్లీ చూసుకోవాలి. ఈ పాఠంలో ఇంకేది మరిచినా ఆ లెక్కను మరవవద్దు.

ఈ పాఠం సొంత కారు కోసం, పనిచేసే కీ కనీసం ఒకటి చేతిలో ఉన్నవారి కోసం. ఉన్న కీలన్నీ పోయినవారి దారి వేరు, దాన్ని తర్వాతి పాఠంలో చూద్దాం.

ముందు కారు పేరును కీ నమోదు చేసే పరికరానికి సరిగ్గా చెప్పాలి. దిగుమతి కార్లవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ పరికరాలు సాధారణంగా 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్యను చదివి కారును పోల్చుకుంటాయి. జపాన్ దేశీయ మార్కెట్ కార్లకు ఆ సంఖ్య ఉండదు. వాటికి ఉండేది ఫ్రేమ్ నంబరు: ముందు మోడల్ కోడ్, తర్వాత అడ్డగీత, ఆ తర్వాత వరుస సంఖ్య. ఉదాహరణకు టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్‌లో రెండో తరానికి మోడల్ కోడ్ ఎన్‌హెచ్‌డబ్ల్యూ20, మూడో తరానికి జెడ్‌వీడబ్ల్యూ30. పరికరం తనంతట తాను వెతికితే కారు దొరకలేదని చెబుతుంది. అంతకంటే ప్రమాదం, అమెరికా రకమో యూరప్ రకమో అనుకుని ముందుకు పోతుంది. అందుకే స్వయంచాలక గుర్తింపును పక్కన పెట్టి, ప్రాంతం జపాన్ అనీ, మోడల్ కోడ్ ఇదనీ, తయారీ సంవత్సరం ఇదనీ మీరే ఎంచుకోండి. స్మార్ట్ కీ ఉన్న రకమా, లేని రకమా అని కూడా అడుగుతుంది. స్టార్ట్ బటన్ ఉంది కదా అని తొందరపడవద్దు. కొన్ని కార్లలో బటన్ ఉన్నా కీని గాడిలో పెట్టాల్సిందే. కీ జేబులో ఉండగా పిడి పట్టుకుంటే చాలు తలుపు తెరుచుకునే సదుపాయం మీ కారుకు ఉందో లేదో చూసి జవాబు ఇవ్వండి. ఫ్రేమ్ నంబరు కారుతో వచ్చిన ఎగుమతి ధ్రువపత్రంలో ఉంటుంది. చాలా కార్లలో బానెట్ కింద, ఇంజిన్ గది వెనక గోడ మీది పలకపైన కూడా దొరుకుతుంది.

తర్వాత కరెంటు. పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ తీరికగా ఉన్నప్పుడు మీటరులో దాదాపు 12.6 చూపాలి. 12.4 కంటే తక్కువ ఉంటే ముందు ఛార్జరు పెట్టండి, పని పూర్తయ్యేదాకా దాన్ని తీయవద్దు. ఇగ్నిషన్ వేసి ఉంచినంత సేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. పట్టీలో రాస్తుండగా వోల్టేజీ పడిపోతే రాత సగంలో ఆగుతుంది, ఆ తర్వాత ఉన్న కీ కూడా పనిచేయకపోవచ్చు. లైట్లు, ఫ్యాను, ఏసీ, పాటలు అన్నీ ఆపేయండి. రెండో తరం ప్రియస్‌లో ఈ చిన్న బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది. నారింజ రంగు తీగలు హైబ్రిడ్ బ్యాటరీవి. వాటి దగ్గరికి చెయ్యి పోనివ్వకండి.

ఇప్పుడు కూర్చోండి. కొత్త కీలో కొత్త బ్యాటరీ వేయండి. ఏ సైజో పాత బిళ్ల మీదే రాసి ఉంటుంది. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్1632 అంటే వెడల్పు 16, మందం అంతే. పాత కీ, కొత్త కీ రెండూ మీ దగ్గర, మిగతా కీలు ఏమైనా ఉంటే కారుకు చాలా దూరంగా ఉండాలి. పరికరాన్ని స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో, అంటే కారు కంప్యూటర్లతో మాట్లాడే ద్వారంలో, గుచ్చండి. బ్రేకు తొక్కకుండా స్టార్ట్ బటన్‌ను రెండుసార్లు నొక్కితే డాష్‌బోర్డు దీపాలు వెలుగుతాయి, బండి మాత్రం కదిలే స్థితికి రాదు. మనకు కావలసింది అదే.

మెనూలో చేర్చడం, తొలగించడం, రీసెట్ అని వేర్వేరుగా ఉంటాయి. మన పని చేర్చడం ఒక్కటే. నమోదైన కీలు ఎన్నో తెర మీద చూపిస్తుంది. ఆ సంఖ్యను రాసుకోండి. ఇంట్లో ఉన్నది ఒక కీ, పట్టీలో మూడు పేర్లు ఉన్నాయంటే కారు పాత యజమాని దగ్గర ఇంకా కీలు ఉండి ఉండవచ్చు. అలాంటప్పుడు వాటిని తొలగించాలా అన్నది వేరే నిర్ణయం. ఈ రోజు రెండు పనులు కలపవద్దు.

తెర మీద సూచన వచ్చాక పాత కీని తీసుకోండి. కంపెనీ గుర్తు ఉన్న ముఖాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించండి, బటన్‌ను నొక్కవద్దు. కారులోంచి చిన్న బీప్ వస్తుంది. పాత కీ కొత్తదానికి పూచీ పడిందని దాని అర్థం. వెంటనే దాన్ని పక్క సీటు మీద పెట్టి, కొత్త కీని అదే ముఖంతో ఆనించండి. ఇక్కడ తీరికగా ఉండడానికి వీలు లేదు, గడువు సెకన్లలోనే ఉంటుంది. చెయ్యి వణికి కీ పక్కకు జరిగినా తీగచుట్ట దాన్ని చదవలేదు. అందుకే బొటనవేలితో కింద ఊతం ఇచ్చి పట్టుకోండి. మళ్లీ బీప్ వినిపించి, తెర మీద పూర్తయిందని వచ్చేదాకా కదపకండి. తర్వాత లెక్క చూడండి. ముందు రాసుకున్న సంఖ్యకు ఒకటి కలిసి ఉండాలి.

నిస్సాన్ కార్లవాళ్లు మాత్రం ఒక ముఖ్యమైన తేడా గమనించాలి. అక్కడ కొత్త కీ చేర్చడమంటే పట్టీని మొదటి నుంచి మళ్లీ రాయడమే. చూపించిన కీలు మాత్రమే పట్టీలో మిగులుతాయి, చూపించనివి చెరిగిపోతాయి. రహస్య పిన్ సంఖ్య కూడా కావాలి. కాబట్టి కుటుంబంలో ఎవరి జేబులో కీ ఉన్నా ముందు అన్నీ ఒకచోటికి చేర్చి, వరుసగా ప్రతిదాన్నీ చూపించాలి. ఈ ఒక్క విషయం తెలియక మంచి కీని పోగొట్టుకున్నవారు చాలామంది.

గడువు దాటి విఫలమైతే కంగారు పడవద్దు. ఇగ్నిషన్ ఆపి, తలుపు ఒకసారి తెరిచి మూసి, మొదటి నుంచి చేయండి. వరుసగా రెండుసార్లు కొత్త కీ దగ్గరే ఆగిపోతే ఆపేసి, బోర్డు సంఖ్య దగ్గరికే తిరిగి వెళ్లండి.

పరీక్షలు కలిపి చేయకూడదు, ఒక్కో గొంతునూ విడిగా వినాలి. మొదట కొత్త కీలోంచి బ్యాటరీ తీసేసి, పాత కీని దూరంగా పెట్టించి, ఖాళీ కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి బ్రేకు తొక్కి నొక్కండి. కారు మేలుకుంటే చిప్పు నమోదు నిజమైనట్టు. చిప్పుకు కావలసిన శక్తి తీగచుట్ట నుంచే అందుతుంది, బ్యాటరీ అవసరం లేదు. రెండోది, బ్యాటరీ వేసి కొన్ని అడుగుల దూరం నుంచి బటన్లతో తలుపులు తెరిచి మూయండి. నేను తప్పిన పరీక్ష ఇదే. మూడోది, కీని జేబులో పెట్టుకుని తలుపు పిడి పట్టుకోండి. ఇక్కడ కారు పిలుపూ కీ జవాబూ రెండూ పనిచేయాలి. చివరగా పాత కీతో ఇవన్నీ మళ్లీ చేసి చూడండి.

కొత్త కీలో దాగి ఉన్న లోహపు తాళం చెవిని మీ తలుపుకు తగ్గట్టు కోయించారా? దానితో డ్రైవర్ తలుపు ఒకసారి తీసి చూడండి. కారు బ్యాటరీ పూర్తిగా చచ్చిన రోజున తలుపు తెరిచేది అదొక్కటే.

నాలుగో పాఠానికి వచ్చేటప్పుడు ఈ రోజు రాసుకున్న రెండు సంఖ్యలు, ముందు లెక్క, తర్వాత లెక్క, మీ దగ్గర ఉంచుకోండి.