సిరోసిస్ రోగికి రక్తపు వాంతి అయినప్పుడు, ఆ తరువాత

సిరోసిస్‌లో మచ్చలు పడి గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా సాగలేనప్పుడు, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. దారి మళ్లిన ఆ రక్తం వల్ల అన్నవాహిక అడుగు భాగంలోని సన్నని సిరలు ఉబ్బి, ఒక్కోసారి చిట్లుతాయి.

వాంతిలో రక్తం కనిపించినా, మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది గానీ, దానికి జిగట, కళ్లు తిరగడం, చెమట తోడైతే రక్తస్రావమనే భావించాలి. వెంటనే 108కు ఫోన్ చేసి, రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నీళ్లు, మజ్జిగ, మాత్రలు ఏవీ నోటికి ఇవ్వకూడదు. వీలైతే ఎండోస్కోపీ, రక్తనిధి రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్లాలి. వాడుతున్న మందుల చీటీ, పాత ఎండోస్కోపీ రిపోర్టు మరవకూడదు.

ఆసుపత్రిలో పోర్టల్ ఒత్తిడిని తగ్గించే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్‌ను, దానితోపాటు సెఫ్ట్రియాక్సోన్ వంటి యాంటీబయాటిక్‌ను ఎండోస్కోపీకి ముందే మొదలుపెడతారు, ఎందుకంటే ఈ స్థితిలో ఇన్ఫెక్షన్ కూడా రక్తస్రావమంత ప్రమాదకరం. రోగి కాస్త కుదుటపడ్డాక, 12 గంటల లోపు ఎండోస్కోపీ చేసి, చిట్లిన సిరకు రబ్బరు బ్యాండు వేస్తారు. జీర్ణాశయంలోని సిరలకైతే సాధారణంగా గ్లూ (సిరను మూసే జిగురు మందు) ఎక్కిస్తారు. ఇంకా రక్తం ఎక్కించమని బంధువులు ఆత్రంగా అడగడం సహజమే. అయితే హిమోగ్లోబిన్ 7 నుంచి 8 మధ్య ఉంచడమే సాధారణంగా మేలు, అంతకు మించితే పోర్టల్ ఒత్తిడి పెరిగి రక్తం మళ్లీ కారవచ్చు. బ్యాండింగ్‌తో అదుపు కానప్పుడు, కాలేయంలో స్టెంట్‌తో కొత్త దారి కల్పించే టిప్స్ ప్రక్రియ గురించి అడగాలి.

రక్తం ఆగిందని ఊరుకోవడమే అన్నిటికంటే పెద్ద ముప్పు. ఉబ్బిన సిరలు పూర్తిగా అణిగేవరకు 2 నుంచి 4 వారాలకొకసారి బ్యాండింగ్‌కు రావాలి, పోర్టల్ ఒత్తిడిని తగ్గించే ప్రొప్రనలాల్ లేదా కార్వెడిలాల్‌ను రోజూ వేసుకోవాలి. పై బీపీ 90 కన్నా తగ్గితే వైద్యుణ్ణి సంప్రదించాలి. మాత్రను సొంతంగా మానేయకూడదు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వాడకూడదు. మద్యం పూర్తిగా మానాలి. పొట్టలో నీరు చేరినవారు ఊరగాయ, అప్పడాలు, ఉప్పుచేపలు పక్కన పెట్టాలి. పప్పు, గుడ్డు మాత్రం తగ్గించకూడదు.

రోగి పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా, మాట తడబడుతున్నా అది కాలేయ వ్యాధి మెదడుపై చూపే ప్రభావానికి తొలి సూచన కావచ్చు; రోజుకు 2, 3 సార్లు మెత్తటి విరేచనం అయ్యేలా లాక్టులోజ్ (విరేచనం సాఫీ చేసే మందు) మోతాదును వైద్యుడు సరిచేస్తారు. పొట్టలో నీటితోపాటు జ్వరం, కడుపునొప్పి వస్తే అదే రోజు ఆ పొట్టనీటిని తీయించి పరీక్ష చేయించాలి. ఒకసారి రక్తస్రావం అయినవారు, ఆరోగ్యం కొంత నిలకడగా ఉన్నప్పుడే కాలేయ మార్పిడి నిపుణుణ్ణి కలిసి, అవసరమని తేలితే అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి.