చిన్న వ్యాపారానికి ప్లాన్ రాసుకోవడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు మన తెలుగువాళ్లు పెట్టిన చిన్న షాపులు చాలా చూశాను. వాటిలో కొన్నింటికి దగ్గర కూర్చుని ప్లాన్ రాయించాను. బోర్డు బాగుంటుంది, ఇన్‌స్టా పేజీ ఉంటుంది, ఓపెనింగ్ రోజు ఆఫర్ ఉంటుంది. ఒక్క అమ్మకం మీద ఎంత మిగులుతుందని అడిగితే మాత్రం ‘సుమారుగా సగం అండీ’ అంటారు. ఆ సుమారును నమ్ముకునే అద్దెకు సంతకం పెడతారు, పాంప్లెట్లు కొట్టిస్తారు, అప్పు తెస్తారు. మంచి చేతివంట ఉన్నవాళ్లు కూడా ఇందువల్లే మూసేసుకుని వెళ్లిపోవడం చూస్తే బాధేస్తుంది.

ఉదాహరణకు మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో ఒక కర్రీ పాయింట్ అనుకుందాం. టైలరింగ్ షాపైనా, పచ్చళ్లైనా, ట్యూషన్ సెంటరైనా పద్ధతి ఇదే.

కావలసినవి

పొడుగు నోట్‌బుక్, పెన్ను, క్యాలిక్యులేటర్, గత మూడు నెలల కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్. ల్యాప్‌టాప్ వద్దు, చేత్తోనే రాయాలి. ఎక్సెల్‌లో అంకె మారిస్తే పాతది మాయమైపోతుంది. పుస్తకంలో కొట్టివేత కనబడుతుంది, ఎందుకు మార్చామో గుర్తొస్తుంది. షట్టర్ ఎత్తకముందు రెండు గంటలు కూర్చోండి.

1. మూడు నెలలకే రాయండి

ఐదేళ్ల ప్లాన్లు, నాలుగు గళ్లు గీసి బలాలు బలహీనతలు నింపే స్వాట్ పట్టికలు బ్యాంకువాళ్లు అడిగితే ఇవ్వండి. షాపు నడపడానికి అవి పనికిరావు. గళ్లలో ‘నాణ్యత మా బలం’ అని రాస్తే రేపు పొద్దున ఎన్ని కిలోల వంకాయలు కొనాలో తెలియదు. పెద్ద కంపెనీకి ఏడాది నష్టం వచ్చినా తట్టుకునే డబ్బుంటుంది. మనకు రెండు నెలల అద్దె బాకీ పడితే ఓనర్ తలుపు కొడతాడు. మూడు నెలలంటే 13 వారాలు. తప్పు దారి పట్టినా దిద్దుకోవడానికి సమయం ఉంటుంది, ఫలితం చూడటానికీ అది చాలు.

2. ఎవరికి అమ్ముతున్నారో ఒక్క వాక్యంలో రాయండి

‘అందరికీ’ అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. మున్నేకొళాల సందుల్లో పీజీ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లకు వంటగది లేదు. వాళ్లకు అన్నం కూడా కావాలి, చిన్న ప్యాకెట్ కావాలి, రాత్రి తొమ్మిది దాటాక కూడా షాపు తెరిచి ఉండాలి. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే భార్యాభర్తలు ఇంట్లో కుక్కర్ పెట్టుకుంటారు, కూర, పప్పు, పెరుగు పచ్చడి ఉంటే చాలు. వాళ్లు ఏడున్నరకే వస్తారు. మొదటివాళ్ల విషయంలో మీకు పోటీ పక్క కర్రీ పాయింట్ కాదు, నెల డబ్బులు కట్టేసిన పీజీ భోజనమే. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోండి. రెండోవాళ్లు వస్తే అమ్మండి, కానీ వంట, టైం, ధర మాత్రం మీరు ఎంచుకున్నవాళ్ల కోసమే.

3. మిగులు లెక్క: ఇక్కడ తొందరపడకండి

ప్లాన్ చెడిపోయేది ఎప్పుడూ ఇక్కడే. మిగతావన్నీ అటూ ఇటూ అయినా దిద్దుకోవచ్చు, ఈ పేజీలో లెక్క తప్పితే దిద్దుకోవడానికి చేతిలో డబ్బు ఉండదు.

కూర ప్యాకెట్ ధర 60 రూపాయలు అనుకోండి. కూరగాయలు, నూనె, మసాలా, గ్యాస్ కలిపి 27. మనవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేసి 33 మిగిలిందంటారు. పది వండితే ఒకటి మిగిలిపోతుంది కదా, దాని ఖర్చు అమ్ముడైన తొమ్మిదీ మోయాలి: ప్యాకెట్‌కు ఇంకో 3. కవరు, డబ్బా 4. కస్టమర్ ఇచ్చే 60లోనే 5 శాతం జీఎస్టీ, సుమారు 3. అంటే చేతికి మిగిలేది 23 రూపాయలు.

ఇప్పుడు అమ్మినా అమ్మకపోయినా పోయే ఖర్చులు. అద్దె 25,000. వంటమనిషికి 25,000, ఇద్దరు హెల్పర్లకు 28,000. కరెంటు, నీళ్లు, ఫోన్ 7,000. ఇక్కడ అడ్వాన్స్ సంగతి మరిచిపోవద్దు. బెంగళూరులో పది నెలల అద్దె అడగడం మామూలే. ఆ రెండున్నర లక్షలు తిరిగి వచ్చే డబ్బే కాబట్టి ఖర్చు కాదు, కానీ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు 5,000 వడ్డీ మాత్రం ఖర్చే. మొత్తం 90,000.

దీన్ని 23తో భాగిస్తే నెలకు సుమారు 3,910 ప్యాకెట్లు. వారానికో రోజు సెలవు పోను 26 రోజులకు రోజుకు 150. ఈ 150 దాటగానే లాభం అనుకుంటారు. అప్పటిదాకా మీరూ మీ ఇంటావిడా పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా చేసిన పనికి ఒక్క రూపాయి రాలేదు. మీ జీతం కూడా ఖర్చులో రాయండి. ఇది నా గట్టి నియమం. 25,000 వేసుకుంటే మొత్తం 1,15,000. నెలకు 5,000 ప్యాకెట్లు, రోజుకు దాదాపు 192. మీ అసలు గీత ఇది, దీనికి తక్కువ అమ్మితే నష్టమే. పుస్తకం అట్ట మీద పెద్దగా రాసుకోండి.

ఇప్పుడు ‘ప్యాకెట్ మీద 10 రూపాయలు తగ్గింపు’ బోర్డు పెట్టారనుకోండి. పన్ను కొంచెం తగ్గుతుంది కాబట్టి మిగిలేది 13 రూపాయల 50 పైసలు. గీత ఎక్కడికి పోయిందో చూడండి: నెలకు 8,500 పైచిలుకు, రోజుకు దాదాపు 328. ఆరో వంతు ధర తగ్గించినందుకు అమ్మకం డెబ్బై శాతం పెరగాలి. ఆ స్టవ్‌ల మీద, ఆ ముగ్గురితో 328 ప్యాకెట్లు అవుతాయా? కాకపోతే ఆ ఆఫర్ పెట్టకండి. ఎంతమంది చెప్పినా పెట్టకండి. దానికి బదులు రెండు కూరలు కొన్నవాళ్లకు చిన్న కప్పు రసం ఇవ్వండి, ఖర్చు రెండు మూడు రూపాయల్లో తేలిపోతుంది.

డెలివరీ యాప్ ధర కూడా విడిగా వేయాలి. 25 శాతం కమిషన్ అనుకుంటే 15 రూపాయలు, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 2 రూపాయల 70 పైసలు. 2022 జనవరి నుంచి హోటల్ భోజనం మీద పన్ను యాప్‌వాళ్లే కడుతున్నారు కాబట్టి మన 3 మిగులుతుంది. అయినా చివరికి చేతికొచ్చేది 8 రూపాయల 30 పైసలు. కౌంటర్ దగ్గర అమ్మే ఒక ప్యాకెట్‌కు యాప్‌లో దాదాపు మూడు అమ్మాలి.

ఈ పేజీని నెలకోసారి మళ్లీ వేయండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు పాత 27నే పట్టుకుని కూర్చున్నవాళ్లు నష్టానికి అమ్ముతున్నామని తెలియకుండానే అమ్మారు.

4. మార్కెటింగ్ ఖర్చు

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టడం ఉచితం. టైమింగ్స్ నిజంగా తెరిచే వేళలే రాయండి. వాట్సాప్ బిజినెస్‌లో రోజూ నాలుగింటికి ఆ రాత్రి కూరలు పంపండి. ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే జాబితా) 256 మందే పడతారు, పైగా మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజ్ చేరదు. అందుకే ప్యాకెట్ ఇచ్చేటప్పుడే ‘సేవ్ చేసుకో బాబూ’ అని అడగండి.

డబ్బు పెట్టే ప్రతి పనికీ ఒకే పరీక్ష. పాంప్లెట్లకు 3,000 పెడితే కొత్తగా ఎంతమంది అలవాటుపడ్డారు? వారానికి మూడు రోజులు రెండేసి ప్యాకెట్లు కొనే మనిషి నెలకు 24 కొంటాడు, మీకు 552 మిగులుతుంది. ఇరవై మంది వస్తే మనిషికి 150 పెట్టినట్టు, మొదటి నెలలోనే తిరిగొస్తుంది. నలుగురే వస్తే మనిషికి 750. అది రావడానికే నెలన్నర దాకా పడుతుంది, ఈలోగా ఆ కుర్రాడు గది మారిపోవచ్చు. మొదటి నెలలో తిరిగి రాని ప్రచారం రెండోసారి చేయొద్దు. ఎవరు ఎలా వచ్చారో తెలియాలంటే కొత్త ముఖం కనబడగానే అడిగి పుస్తకంలో గీత పెట్టండి.

బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలన్నది చట్టం. తెలుగు కూడా పెట్టుకోండి, కానీ ఆ కొలత తప్పొద్దు.

5. 13 వారాల క్యాలెండర్

సంక్రాంతికి మన కస్టమర్లంతా బస్సెక్కేస్తారు, వంటమనిషి కూడా వెళ్తాడు. ఆ వారం మూసేయండి, అందరి సెలవులూ అప్పుడే ఇవ్వండి, పోయిన ఆరు రోజుల అమ్మకాన్ని మిగతా వారాల మీద ముందే పంచండి. దసరాకీ అంతే. శ్రావణంలో వరమహాలక్ష్మి పూజకు పులిహోర, పూర్ణాల ఆర్డర్లు పది రోజుల ముందే రాసుకోవాలి.

6. కాగితాలు

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి అమ్మడానికి అనుమతి), ట్రేడ్ లైసెన్స్ (షాపు నడపడానికి కార్పొరేషన్ అనుమతి), ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు). ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులడిగే సైట్లు నమ్మకండి. మన లెక్క ప్రకారం ఏడాదికి 36 లక్షల అమ్మకం. హోటల్ భోజనం సేవ కిందికే వస్తుంది, సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత 20 లక్షలే, కాబట్టి మొదటి నెలలోనే ఆడిటర్‌ని కలవండి. 2025 జులైలో యూపీఐ లావాదేవీలు చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న షాపులకు నోటీసులు పంపింది. క్యూఆర్ కోడ్ తీసేయడం దానికి మందు కాదు.

7. సోమవారం లెక్క

ప్రతి సోమవారం నాలుగే అంకెలు రాయండి: అమ్మిన ప్యాకెట్లు, మిగిలిపోయినవి, కొత్తగా వచ్చినవాళ్లు, బ్యాంకులో డబ్బు. ఆరో వారానికి కూడా రోజుకు 192కు బాగా దూరంలో ఉంటే ఒక్కటే మార్చండి, టైమో, కూరల జాబితానో, ధరో. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రెండు వారాలు ఆగి చూసి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్లండి.