పీహెచ్‌డీ పాఠాలు – 4: విషయం నుంచి ప్రశ్నకు

గత పాఠం చివర మీ థీసిస్ శీర్షికను కాగితం మీద రాసుకోమన్నాను. అందులో ‘ఒక అధ్యయనం’ అన్న మాట ఉంటే ముందు దాన్ని కొట్టేయండి. ‘భారత్–అమెరికా వాణిజ్య సంబంధాలు: ఒక అధ్యయనం’ అని మొదలుపెడితే మొదటి చాప్టర్ 1947 నుంచి చరిత్ర అవుతుంది, రెండోది ఒప్పందాల జాబితా అవుతుంది. వైవాలో ఎవరైనా ‘ఇంతకీ మీరు కనుక్కున్నదేమిటి?’ అంటే నీళ్ళు నమలాల్సి వస్తుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు. ప్రశ్న లేకుండా చదివితే అది ఇట్టే కరిగిపోతుంది.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండి అంతర్జాతీయ సంబంధాల మీద ఏం పరిశోధన చేస్తాం, ఢిల్లీలో ఉంటేనే కదా అనే టెన్షన్ కొందరికి ఉంటుంది. కొన్ని ఫైళ్ళ కోసం వెళ్ళక తప్పదు. ప్రశ్న మాత్రం విడవలూరులోనో, ఇందుకూరుపేటలోనో, కొత్తపట్నంలోనో రొయ్యల గుంటల పక్కనే దొరకవచ్చు. ఈ పాఠానికి అదే ఉదాహరణగా తీసుకుందాం.

2005 ఫిబ్రవరిలో అమెరికా ఆరు దేశాల రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం (మామూలు ధరకన్నా తక్కువకు అమ్ముతున్నారని వేసే అదనపు పన్ను) ఖరారు చేసింది: భారత్, థాయిలాండ్, వియత్నాం, చైనా, బ్రెజిల్, ఈక్వడార్. దానికి తోడు అక్కడి దిగుమతిదారులు అదనపు బాండ్ (సుంకం కడతామన్న పూచీ) కూడా కట్టాలంది. గడిచిన 12 నెలల్లో తెచ్చుకున్న సరుకు మీద ఎంత సుంకం పడుతుందో అంత మొత్తానికి ఆ బాండ్. 2006లో థాయిలాండ్, భారత్ వేర్వేరుగా ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసులు వేశాయి. రొయ్యల విషయంలో ఆ బాండ్ విధించిన తీరు సమంజసం కాదని 2008లో ఆ సంస్థలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ బాడీ కూడా తేల్చింది.

ఇంతవరకు చెప్పింది కథ. దీన్ని రెండొందల పేజీలకు సాగదీసినా కథగానే ఉంటుంది. ఇప్పుడు రెండు కేసుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. థాయిలాండ్ బాండ్‌తో ఆగలేదు, సుంకం లెక్కగట్టిన జీరోయింగ్ పద్ధతిని కూడా సవాలు చేసింది. మామూలు ధరకన్నా అమెరికాలో ఎక్కువకు అమ్మిన సరుకు తేడాను సున్నాగా తీసుకుని, తక్కువ ధరకు అమ్మిన వాటి తేడాలను మాత్రమే కలపడం జీరోయింగ్. దాంతో డంపింగ్ మార్జిన్, అంటే ఎంత తక్కువకు అమ్మారన్న లెక్క, ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఈక్వడార్ దీని మీదే కేసు వేసి 2007లో గెలిచింది. తర్వాత వియత్నాం కూడా వేసింది. భారత్ రొయ్యల కేసు మాత్రం బాండ్ దగ్గరే ఆగింది. ఎందుకు?

ఇదీ ప్రశ్న. ఇందులో ఒక నిర్ణయం ఉంది, దానికి కాలం ఉంది, పోల్చడానికి అదే సరుకు అమ్మే ఇంకో దేశం ఉంది.

ఇక జవాబులు. ఒక్క జవాబుతో మొదలుపెడితే దానికి పనికొచ్చే కాగితాలే కంటికి కనిపిస్తాయి కాబట్టి కనీసం మూడు రాసుకోండి. మొదటిది: జీరోయింగ్ తీసేసినా మన ఎగుమతిదారుల సుంకం పెద్దగా తగ్గదేమో. ఇది లెక్కల పని. అమెరికా ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయిన నిర్ణయాలతో మొదలుపెట్టి తేల్చుకోవాలి. రెండోది: డబ్బు ఇరుక్కునేది బాండ్‌లోనే కాబట్టి ఎగుమతిదారులు ప్రభుత్వాన్ని అడిగింది దాని గురించేనేమో. రాబర్ట్ పుట్నం 1988లో చెప్పిన రెండంచెల ఆట సిద్ధాంతం ఇక్కడ అక్కరకొస్తుంది. ప్రభుత్వం బయట ఒక బల్ల దగ్గర, ఇంట్లో ఒక బల్ల దగ్గర ఒకేసారి బేరమాడుతుందన్నది ఆయన వాదన. అలాంటప్పుడు ఇంట్లో బల్ల దగ్గర రొయ్యల రైతుకు కుర్చీ ఉందా అని కూడా మీరు అడగవచ్చు.

మూడోది అందరికీ నచ్చే జవాబు: 2005 జూలై నుంచి 2008 అక్టోబర్ దాకా భారత్–అమెరికా అణు ఒప్పందం చర్చలు నడిచాయి, అందుకే ఢిల్లీ గొడవ పెంచలేదు. వినడానికి భలేగా ఉంటుంది. నాకు మాత్రం దీని మీదే ఎక్కువ అనుమానం. అణు ఒప్పందం కోసం తగ్గి ఉంటే 2006లో అసలు కేసెందుకు వేసినట్టు? తేదీలు కలిసినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. ఈ జవాబు నిలబడాలంటే రెండు విషయాలనూ ముడిపెట్టిన నోటో, ఆ చర్చల్లో ఉన్న అధికారి మాటో కావాలి. అది లేకపోతే ‘అవకాశం ఉంది’ అని ఒక వాక్యం రాసి వదిలేయండి.

కాగితాల్లో సగం ఇంట్లో కూర్చునే దొరుకుతాయి. కేసు పత్రాలు ప్రపంచ వాణిజ్య సంస్థ సైట్‌లో ఉన్నాయి. లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నలకు మంత్రులిచ్చిన జవాబులు, ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) వార్షిక నివేదికలు కూడా చూడండి. ఆర్టీఐ వేస్తే ‘ఎందుకు చేశారు?’ అని అడగకండి. ఆ చట్టం కింద వచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే. ఫలానా నెలల మధ్య, ఫలానా కేసు మీద ఎగుమతిదారుల సంఘాలు పంపిన వినతుల నకళ్ళు కావాలని అడగండి. విదేశీ సంబంధాలు దెబ్బతింటాయని సెక్షన్ 8 చూపించి కొన్ని ఆపేయవచ్చు. అందుకే థీసిస్ మొత్తాన్ని ఒక్క ఆర్టీఐ మీద పెట్టుకోవద్దు.

ఇంటర్వ్యూల్లో ఒక చిక్కుంది. గుంట గట్టు మీద ‘అన్నా, అమెరికా సుంకం వేసినప్పుడు ఏమైంది?’ అంటే 2025 ఆగస్టులో 50 శాతానికి చేరిన సుంకం గురించి చెబుతారు. తాజా దెబ్బ అదే కదా. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా వేసే వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చింది 2009లో. మీక్కావలసినవి అంతకుముందు, టైగర్ రకం వేసిన రోజులు. కాబట్టి ‘టైగర్ వేసే రోజుల్లో కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) రేటు ఎవరు చెప్పేవాళ్ళు? బాండ్ అనే మాట ఏజెంట్ల నోట ఎప్పుడన్నా విన్నారా?’ అని అడగండి. ‘కంపెనీవాళ్ళు చెప్పిందే రేటు, మాకేం తెలుసు నాయనా’ అంటే దాన్నీ ఉన్నదున్నట్టు రాసుకోండి, రెండో జవాబుకు పనికొస్తుంది. ఎగుమతిదారుల మాటను మాత్రం ఆ ఏడాది కాగితంతో సరిచూడకుండా వాడకండి.

వచ్చే పాఠంలోగా మీ విషయం మీద ‘ఎందుకు’తోనో ‘ఎలా’తోనో ఒకే ఒక్క ప్రశ్న రాయండి. దాని కింద మూడు జవాబులు, ఒక్కోదాని పక్కన ఏ కాగితం కనిపిస్తే అది తప్పని ఒప్పుకుంటారో రాయండి. తర్వాత మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో వెతికి, ఆ ప్రశ్నను ఇప్పటికే ఎవరైనా తేల్చేశారేమో చూసి, అప్పుడు గైడ్ దగ్గరికి తీసుకెళ్ళండి. శోధ్‌గంగలో దొరికిన థీసిస్‌లను ఎలా చదవాలో అయిదో పాఠంలో చూద్దాం.